ఇర్మా అనే బల్లి

మంగళవారం పొద్దున వెండెల్ స్టాడ్లర్ నిద్ర లేచేసరికి అతని ముందు ఒకే ఒక్క పని ఉంది. శనివారంలోగా ఆరువందల ఇత్తడి గుల్లల్ని అద్దంలా మెరిపించాలి.

పిస్తోలు పేలాక సీసం గుండు ఎగిరిపోతుంది, ఇత్తడి గుల్ల మిగులుతుంది. దాన్ని పారెయ్యకుండా ఏరి తెచ్చుకుని, కడిగి, మసి వదిలించి, ఎక్కడైనా పగిలిందేమో చూసుకుని, సైజు సరిచేసుకుంటే మళ్లీ తూటా కట్టుకోవచ్చు. టర్లో అనే ఆ చిన్న ఊళ్లో ఈ పని ఇంట్లో చేసుకునేవాళ్లు పదిహేనుమంది దాకా ఉంటారు. వాళ్లలో వెండెల్ అంత శ్రద్ధ ఉన్నవాడు ఇంకొకడు లేడు. అంత శ్రద్ధ పెట్టి అంత తక్కువ ఫలితం పొందినవాడు కూడా లేడు. పోయినేడు పిస్తోలు క్లబ్బు పోటీలో, సరిగ్గా ఆఖరి విడత కాల్పుల్లో, మసి పట్టిన గుల్ల ఒకటి పిస్తోల్లో ఇరుక్కుంది. దాన్ని పీకేలోపల టైము అయిపోయింది. నలభైమంది చూస్తుండగా జరిగిన ఆ అవమానాన్ని అతను ఏడాదిగా మోస్తున్నాడు.

ఈ శనివారం మళ్లీ పోటీ. ఈసారి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి. భార్య ఇర్మా వాళ్లక్కకు మోకాలి ఆపరేషనని వారం క్రితం బిస్మార్క్ వెళ్లింది. శనివారం మధ్యాహ్నం గానీ తిరిగి రాదు. ఇర్మా ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఒక నియమం ఉంటుంది: గుల్లలు గరాజ్ గడప దాటి లోపలికి రాకూడదు. ఆమె వెళ్లిన మర్నాడే అవి గడప దాటాయి. ఆమె కూరగాయలు కడిగే జల్లెట్లో స్నానాలు చేశాయి. ఆమె బిస్కెట్లు కాల్చే పళ్లేల మీద బారులు తీరి ఆరుతున్నాయి. కొన్ని వరసలు గరాజ్‌లో కోడిపిల్లలకు పెట్టే వేడి దీపం కింద కూడా ఉన్నాయి. శనివారం పొద్దున పోటీకి బయల్దేరేలోపలే అన్నీ కడిగేసి ఎక్కడివక్కడ పెట్టేయాలని అతని ఆలోచన.

ఆరిన గుల్లల్ని గడగడ వణికే ఒక మిషన్లో పోసి, అక్రోటు పెంకుల నూకతో కలిపి గంటల తరబడి తిప్పితే మెరుపు వస్తుంది. ఆ పొద్దున మిషను మూత తీసి చూస్తే నూక కాఫీ పిప్పిలా నల్లగా అయిపోయి ఉంది. తుపాకి సామాన్ల కొట్టు డెబ్భై మైళ్ల దూరం. అయితే అదే నూకను బల్లుల్నీ తాబేళ్లనీ పెంచుకునేవాళ్లు వాటి కింద పరుపులా పరుస్తారు కనుక, ఊళ్లో పెంపుడు జంతువుల కొట్టులో దొరుకుతుంది. వెండెల్ ట్రక్కు తీశాడు.

కొట్టు తలుపు మీద కాగితం అంటించి ఉంది. అక్రోటు నూక తుపాకులవాళ్లకు అమ్మబడదు, బల్లులు ఇబ్బంది పడుతున్నాయి, అని. కొట్టు నడిపే నోరీన్ ఏడాది క్రితం ఫార్గో నుంచి వచ్చిన మనిషి, ఊళ్లో ఎవరికి ఎవరేమవుతారో ఇంకా తెలియదు. క్లబ్బువాళ్లు సంచులకు సంచులు పట్టుకుపోతుంటే బల్లులవాళ్లకు నెలరోజులుగా నూక లేకుండా పోయింది. వెండెల్ కాగితం రెండుసార్లు చదివాడు. తల మీదున్న క్లబ్బు టోపీ తీసి జేబులో కుక్కుకుని లోపలికి వెళ్లాడు.

"మీకు బల్లి ఉందా?" అంది నోరీన్, నూక సంచి మీద చెయ్యి వేసి ఉంచి.

"ఉంది," అన్నాడు వెండెల్. సంచి మీద గడ్డమున్న బల్లి బొమ్మ ఉంటే దాన్నే చూపించాడు. "ఇదే."

నోరీన్ మొహం విచ్చుకుంది. ఆమె దగ్గరా అలాంటిదే ఉండేదట, ఈ వసంతంలో పోయిందట. మీదాని పేరేమిటని అడిగింది. వెండెల్‌కు అబద్ధాలు అలవాటు లేదు. నలభై మూడేళ్లుగా అతని నోట ఆడపేరు ఒకటే పలుకుతూ వచ్చింది.

"ఇర్మా," అన్నాడు.

"బాగుంది. వయసెంత?"

"అరవై…" అని ఆగి, "ఆరేళ్లు," అన్నాడు.

సరిగ్గా ఆ సమయానికి వెనక వరసలోకి ఆర్డిస్ వచ్చింది. లూథరన్ చర్చి ఆడవాళ్ల సంఘానికి ఇరవై రెండేళ్లుగా ఆమే అధ్యక్షురాలు. పిట్టలకు గింజలు కొనడానికి వచ్చింది. అరల అవతల నుంచి ఆమెకు మనుషులు కనిపించలేదు, మాటలు మాత్రం వినిపించాయి, వెండెల్ గొంతు మరీ స్పష్టంగా. పిస్తోలు మోతలకు ఎడమచెవి సగం పోయినవాడు కనుక అతను ఎప్పుడూ పెద్దగానే మాట్లాడతాడు.

"ఇర్మా తిండి ఎలా తింటోంది?" అని అడుగుతోంది నోరీన్.

"ఈమధ్య ఆకుకూరలు ముట్టడం లేదు."

"చర్మం?"

వెండెల్ ఆలోచించాడు. "మోచేతుల దగ్గర కాస్త పొలుసులు లేస్తున్నాయి."

"ఎక్కడ ఉంచారు?"

"గరాజ్‌లో. దీపం పెట్టాను. వెచ్చగానే ఉంటుంది."

ఆర్డిస్ చేతిలో గింజల పొట్లం అలాగే ఉండిపోయింది. పోయిన ఆదివారం ఇర్మా చర్చికి రాలేదన్న సంగతి ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. టర్లోలో మనుషులు ఒకరి కష్టం గురించి ఇంకొకర్ని సూటిగా అడగరు. వంట చేసి పట్టుకెళతారు.

ఆ సాయంత్రమే ఆమె వెండెల్ ఇంటి తలుపు తట్టింది. చేతిలో బట్ట చుట్టిన గాజుపళ్లెం, అందులో కైమా మీద బంగాళాదుంపలు పరిచి ఓవెన్లో కాల్చిన హాట్‌డిష్. భార్య ఊళ్లో లేని మగాడి మీద జాలిపడి తెచ్చిందని వెండెల్ అనుకున్నాడు. సంతోషంగా అందుకున్నాడు. గరాజ్‌లోంచి గడగడమని ఎడతెగని చప్పుడు వస్తోంది.

"ఆ చప్పుడేంటి, వెండెల్?" అంది ఆర్డిస్ నెమ్మదిగా.

వెండెల్ కొంచెం సిగ్గుపడ్డాడు. "మిషను. ఆపకుండా నడవాలి. ఆపితే లాభం లేదు."

"డాక్టరేమన్నాడు?"

ఆమె అడిగింది ఎడమచెవి వైపు నుంచి. మోటారు సంగతి అడుగుతోందనుకున్నాడు. "పాతదైపోయింది కదా. లోపల అరిగిపోయింది. శనివారం దాకా లాగితే చాలు, ఆ తర్వాత ఏమైనా పరవాలేదు."

ఆర్డిస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేమందరం ప్రార్థన చేస్తామని చెప్పి, అతని చెయ్యి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది. క్లబ్బు పోటీ మీద ఆర్డిస్‌కు ఇంత పట్టింపు ఉందని వెండెల్ ఏనాడూ అనుకోలేదు. పళ్లెంలో సగం ఆ పూటే తినేశాడు.

బుధవారం నోరీన్ ఫోన్ చేసింది. ఆ నూకలో ఒక ప్రమాదం ఉందని నిన్న చెప్పడం మరిచిపోయిందట. తిండితోబాటు పొట్టలోకి పోతే గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుందట.

"ఇర్మాకి ఇవాళ విరేచనం అయిందా?"

వెండెల్ అప్పుడే మిషను మూత తీసి, మెరిసిన గుల్లల్ని జల్లెడ పడుతున్నాడు. తను చూడలేదన్నాడు. అయితే రేపొచ్చి స్వయంగా చూస్తానంది నోరీన్. బతికున్న చిమ్మెటల్ని కూడా తెస్తుందట, పిల్లకు బలమట. వెండెల్ గరాజ్ నాలుగు మూలలూ చూశాడు. గుల్లలున్నాయి, నూక ఉంది, దీపం ఉంది. బల్లి లేదు. రేపటికి వచ్చే అవకాశమూ లేదు. ఉన్న దారి ఒక్కటే కనిపించింది.

"అవసరం లేదమ్మా," అన్నాడు. "ఇర్మా పోయింది. ఇందాకే."

అవతలివైపు సన్నగా ఏడుపు వినిపించింది. వెండెల్ స్టూలు మీద కూలబడ్డాడు. అబద్ధం ఆడినందుకు కాదు, దాన్ని నమ్మి ఒక మనిషి ఏడుస్తున్నందుకు. ఆమెను ఎలాగైనా ఊరుకోబెట్టాలనిపించింది. బల్లుల గురించి అతనికేమీ తెలియదు గనుక తెలిసిన విషయమే చెప్పాడు.

"బాధపడకమ్మా. మంచిది. పొద్దున పూట కాస్త చిరాకుగా ఉండేదనుకో. కానీ నేను గదిలోకి వస్తే తలెత్తి చూసేది. ఏం చేస్తున్నా సరే, ఒకసారి తలెత్తి చూసేది. నాకది చాలు."

ఫోను పెట్టేశాక అతను చాలాసేపు జల్లెడ ముట్టుకోలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. శనివారం చాలా దూరంగా ఉన్నట్టనిపించింది.

నోరీన్ మనసు ఊరుకోలేదు. కొట్టు ముందు నల్లబోర్డు మీద పిల్లిపిల్లలు ఉచితం అన్న మాట కింద ఖాళీ ఉంటే, అక్కడ సుద్దముక్కతో అందంగా రాసింది: "మన ఇర్మా స్టాడ్లర్ ఇక లేదు. వెండెల్ గారికి మా సానుభూతి." టర్లోలో ఉన్నది ఒకటే పెద్ద వీధి. పోస్టాఫీసుకు వెళ్లాలన్నా, బ్యాంకుకు వెళ్లాలన్నా ఆ బోర్డు ముందునుంచే వెళ్లాలి.

గురువారం పొద్దుటినుంచి వెండెల్ ఇంటికి తిండి రావడం మొదలైంది. రెండు పందితొడలు, మూడు హాట్‌డిష్‌లు, పచ్చరంగు జెల్లీలో క్యారెట్ కోరు, నిమ్మకాయ కేకు. తెచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, నోట మాట రాక, అతన్ని ఒకసారి కావలించుకుని వెళ్లిపోతున్నారు. ఆ ఊళ్లో మగాళ్లు ఒకరినొకరు కావలించుకోరు. పశువుల డాక్టరు కూడా కావలించుకోవడం వెండెల్‌కు వింతగా తోచింది. భార్య వారంపాటు ఊరెళితే ఊరు ఇంత కదులుతుందని తెలిస్తే ఎప్పుడో పంపి ఉండేవాడు. ఎవరెవరి పళ్లేలో తెలియడానికి వాటి అడుగున చీటీలు అంటించుకుని, మళ్లీ గుల్లల దగ్గరికి వెళ్లాడు.

మధ్యాహ్నం పాస్టర్ వచ్చాడు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, ఇంతవరకు ఒక్కరికీ అంత్యక్రియలు జరిపినవాడు కాదు. సోఫా అంచున కూర్చుని, చిన్న పుస్తకం తెరిచాడు. కార్యక్రమం శనివారం పెట్టుకుంటే వీలవుతుందా అని చాలా మెల్లగా అడిగాడు.

"శనివారమే," అన్నాడు వెండెల్. "పదింటికి."

"చర్చి హాల్లోనా?"

"లోపల కుదరదు, గోడలు పాడైపోతాయి. ఊరి బయట కాల్పుల రేంజ్‌లోనే. నలభైమంది దాకా వస్తారు. ఎవరి పిస్తోలు వాళ్లే తెచ్చుకుంటారు."

పాస్టర్ పెన్ను ఆగింది. దుఃఖం ఒక్కో మనిషిలో ఒక్కో రూపం తీసుకుంటుందని అతనికి కాలేజీలో చెప్పారు. అదే గుర్తు తెచ్చుకుని, ఇర్మా గారికి పిస్తోళ్లంటే ఇష్టమా అని అడిగాడు.

"చప్పుడు అస్సలు పడదు. అయినా ఏనాడూ నన్ను వద్దనలేదు."

పాస్టర్ తల ఊపి, కొంచెం ముందుకు వంగాడు. "ఇర్మా గారు ఇప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుసు కదా, మిస్టర్ స్టాడ్లర్."

"బిస్మార్క్‌లో," అన్నాడు వెండెల్.

పాస్టర్ ఆ జవాబు గురించి కాసేపు ఆలోచించాడు. అయితే అక్కడి ఆసుపత్రిలో జరిగిందన్నమాట. మరి ఇక్కడికి తీసుకురావడానికి ఏర్పాట్లు ఏమైనా చేశారా అని అడిగాడు.

"బస్సులో వస్తుంది. శనివారం మధ్యాహ్నానికి."

పాస్టర్ 'బస్సు' అని రాసుకుని, కింద గీత గీశాడు. ఇంకేమీ అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. పోటీకి ఆశీర్వాదం ఇవ్వడానికి పాస్టర్ ఇంటికే రావడం వెండెల్‌కు బాగా నచ్చింది. వెళ్లిపోతున్నవాడి చేతిలో నిమ్మకాయ కేకు పెట్టి పంపాడు.

శుక్రవారం ఆర్డిస్ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని తలుపు తట్టకుండానే వంటింట్లోకి వచ్చింది. రేపటికి కాఫీ కాచాలి, శాండ్విచ్‌లు చెయ్యాలి. ఒకామె ఓవెన్ తలుపు తీసి, పళ్లెం మీద నిలబెట్టిన రెండువందల ఇత్తడి గుల్లల్ని చూసి, మళ్లీ మెల్లగా మూసేసింది. పాపం, మనసు మళ్లించుకోవడానికి మనిషికి ఏదో ఒకటి ఉండాలి కదా అని పక్కామెతో గుసగుసలాడింది. ఆర్డిస్ వెండెల్‌ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఒక్క సంగతి అడగాలి. ఏ గౌను వేద్దాం? నీలంది బాగుంటుందని మా అందరికీ అనిపించింది."

"ఎవరికి?"

"ఇర్మాకి."

"తన గౌను తనే వేసుకుంటుంది కదా," అన్నాడు వెండెల్.

ఆర్డిస్ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి కుడిచెవి వైపు నిలబడి ఉంది. "పోయినవాళ్లు వేసుకోలేరు, వెండెల్."

వెండెల్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత బల్ల మీదున్న పందితొడల వంక చూశాడు. పశువుల డాక్టరు కౌగిలి, పాస్టర్ పుస్తకం, మిషను గురించి అడిగిన ప్రశ్న, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆ వరస మొదట్లో ఒక బల్లి కూర్చుని ఉంది.

"ఆ నీలంది నాకు బిగుతైపోయింది, ఆర్డిస్," అంది ఇర్మా గుమ్మంలోంచి. "ఇంకోటి చూడండి."

శాండ్విచ్ కోస్తున్నామె చేతిలోంచి చాకు కింద పడింది. ఆర్డిస్ కుర్చీ అనుకుని బల్ల మీది పందితొడ పళ్లెం మీద కూర్చోబోయి, పక్కామె పట్టుకోవడంతో ఆగింది.

వాళ్లక్క తొందరగా కోలుకోవడంతో ఇర్మా ఒకరోజు ముందే బస్సెక్కింది. పెట్రోలు బంకు దగ్గర దిగి, పెట్టె లాక్కుంటూ పెద్ద వీధిలో నడిచి వస్తుంటే బోర్డు కనిపించింది. పిల్లిపిల్లల కింద తన చావు కబురు ఉంది. పెట్టె అక్కడే పెట్టి, లోపలికి వెళ్లి, ఇర్మా స్టాడ్లర్ అంటే నేనే, ఏం జరిగింది అని అడిగింది. నోరీన్ మొదట నవ్వింది. తర్వాత తెల్లబోయింది. తర్వాత మొదటినుంచీ మొత్తం చెప్పింది. అక్రోటు నూక అన్న మాట దగ్గరే ఇర్మాకు అంతా అర్థమైపోయింది. అయినా చివరిదాకా విన్నది. వయసు ఆరేళ్లన్న దగ్గర తల ఊపింది, మోచేతుల దగ్గర ఊపలేదు.

వంటింట్లో వెండెల్ నిలబడి, ముగ్గురు ఆడవాళ్ల ముందు, భార్య ముందు, నూక దగ్గరనుంచి ఒక్కొక్కటీ చెప్పాడు. ఆర్డిస్ మూడురోజులు ఏడ్చిన ఏడుపు ఎవరి ఖాతాలోనూ పడకుండా పోయినందుకు ఆమె మొహం ఎర్రబడింది. సంచి తీసుకుని వెళ్లిపోయింది, శాండ్విచ్‌లు మాత్రం వదిలేసింది.

అందరూ వెళ్లాక ఇర్మా కోటు విప్పి, ఓవెన్ తలుపు తెరిచి చూసి, మూసింది. అతని ఎదురుగా కూర్చుంది. ఇంకాసేపట్లో ఉరుములు మొదలవుతాయని వెండెల్ భుజాలు దగ్గరకు లాక్కున్నాడు.

"మోచేతుల దగ్గర పొలుసులా?" అంది.

"కొంచెం," అన్నాడు.

ఇర్మా తన మోచెయ్యి తిప్పి చూసుకుంది.

"గదిలోకి వస్తే తలెత్తి చూసేది, అది చాలు అన్నావట. ఆ పిల్ల ఆ మాట చెబుతూ మళ్లీ ఏడ్చింది. అది బల్లి గురించేనా?"

"బల్లి ఎక్కడుంది, ఇర్మా," అన్నాడు వెండెల్.

ఆమె లేచి, జెల్లీ పళ్లెం తీసి, రెండు చెంచాలు తెచ్చింది. పళ్లేలు మాత్రం ఇక నువ్వే ఉంచుకో, సీసం మసి అంటినవాటిలో నేను బిస్కెట్లు కాల్చను, నాకు కొత్తవి కావాలంది. జల్లెడ కూడా అంది. వెండెల్ అన్నింటికీ తల ఊపాడు.

శనివారం కార్యక్రమం ఆపడం ఎవరివల్లా కాలేదు. పాస్టర్ అప్పటికే మూడు ఊళ్లకు కబురు పంపేశాడు. పదింటికి రేంజ్ దగ్గర నల్లబట్టల్లో నూటపాతికమంది చేరారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఇర్మాను తాకి చూసి, పోటీ చూడటానికి కూర్చున్నారు. క్లబ్బు చరిత్రలో అంత జనం ఎప్పుడూ రాలేదు. ఇర్మా చెవులకు దూది పెట్టుకుని, పైన క్లబ్బువాళ్లిచ్చిన చెవిమూతలు పెట్టుకుని, ముందు వరసలో మడతకుర్చీలో అల్లిక పట్టుకుని కూర్చుంది. నలభై మూడేళ్లలో ఆమె రేంజ్‌కు రావడం అదే మొదలు. వెండెల్ గుల్లలు ఒక్కటి కూడా ఇరుక్కోలేదు, ఎండలో బంగారంలా మెరిశాయి. గురి మాత్రం కుదరలేదు. ప్రతి విడత కాల్పులు అవగానే వెనక్కి తిరిగి చూస్తుంటే ఎవరికి మాత్రం కుదురుతుంది? చూసిన ప్రతిసారీ ఆమె అల్లిక ఆపి తలెత్తింది. అతను చివరినుంచి మూడోస్థానంలో వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నోరీన్ బోర్డు తుడిచి, "ఇర్మా స్టాడ్లర్ బతికే ఉంది" అని రాసింది. తలుపు మీది కాగితాన్ని కూడా మార్చింది. తుపాకులవాళ్లకు అమ్మబడదు అన్న మాట పక్కన, ముఖ్యంగా వెండెల్ గారికి, అని చేర్చింది.

ఆదివారం ఇర్మా తీరిగ్గా కూర్చుని తన చావుకు వచ్చిన సంతాపం కార్డులు చదువుకుంది. ముప్ఫై ఒకటి వచ్చాయి. ఆర్డిస్ కార్డు అడుగున ఉంది. కౌంటీ సంతలో, పిండి మధ్య పండ్ల ముక్కలు పెట్టి కాల్చే 'పై' అనే తీపి వంటకం పోటీకి పద్దెనిమిదేళ్లుగా ఆర్డిసే న్యాయనిర్ణేత, ఆ పద్దెనిమిదేళ్లలో ఇర్మాకు ఒక్కసారి కూడా మొదటి బహుమతి ఇవ్వలేదు. కార్డులో మాత్రం, ఇర్మా చేసే రూబార్బ్ కాడల 'పై' ముందు ఈ కౌంటీలో ఎవరిదీ నిలవదు, ఈ మాట బతికుండగా చెప్పలేకపోయాను, అని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టింది. ఇర్మా దానికి గాజు ఫ్రేము కట్టించి, ఆర్డిస్ ఎప్పుడొచ్చినా కూర్చునే కుర్చీకి సరిగ్గా ఎదురుగా గోడకు తగిలించింది.